శిరివెళ్ల మిట్ట మీద లారీ

నంద్యాలలో ఎర్రబస్సు కదిలినప్పుడే నేనూ సైకిలుతో సహా కదిలి, ఆళ్లగడ్డలో ఆ బస్సుకంటే ముందు నేలమీద కాలు పెట్టినవాణ్ణి. పేరు కృపావరం. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం గానీ, ఆ పొద్దు బస్టాండులో నిలబడినవాళ్లు కళ్లారా చూశారు. వాళ్లలో ఇప్పుడు బతికున్నవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం ధైర్యంగానే చెప్పుకుంటున్నాను.

అయితే ఆ పొద్దు జనం గుమిగూడింది నా కోసం కాదు, మా బావ మోషే కోసం. ఎనభై ఒకటో సంవత్సరం జనవరి. ఒకపక్క వరికోతలు, ఒకపక్క సైకిల్ పందెం. ఆ కోతల కాలంలో మా ఇంట్లోవాళ్లం ఒకరినొకరం అనుమానించుకున్నంతగా పోలీసులు దొంగల్ని కూడా అనుమానించి ఉండరు.

మోషే మా చెల్లెలు లూదియా మొగుడు. ఆళ్లగడ్డ బస్టాండు పక్కన అద్దె సైకిళ్ల అంగడి. పెండ్లాం పోయాక నేను నా ఎద్దుల బండితో సహా వాళ్లింట్లోనే మకాం పెట్టాను. మా అమ్మ జీవమ్మ అంతకుముందే పెట్టింది. మోషే వయసులో ఉన్నప్పుడు గణతంత్ర దినం నాటి నంద్యాల–ఆళ్లగడ్డ పందెం వరసగా మూడేళ్లు గెలిచాడు. మొదటి రెండుసార్లు జనం భుజాల మీద ఊరేగించారు. మూడోసారి దగ్గర వచ్చింది తంటా.

ఆ ఏడు మా సంఘ పెద్ద యేసురత్నం సారు పందెం చూద్దామని శిరివెళ్ల మిట్ట దగ్గర నిలబడ్డాడు. బళ్లో నాకు ఓనమాలు దిద్దించి, మూడో తరగతితో నన్ను వదిలించుకున్న మనిషి ఆయన. అబద్ధం ఆడడు. మోషే మిట్ట కింద అందరికంటే వెనకున్నాడు. ఇంతలో రుద్రవరం లారీ ఒకటి అడ్డం వచ్చింది. అడవిలోని వెదుర్లు తీసుకుపోయి నంద్యాలలో దింపి ఖాళీగా తిరిగొస్తున్న లారీ. కట్టిన తాళ్లు వెనకాల వేలాడుతున్నాయి. లారీ దాటిపోయాక సారు చూస్తే మోషే అందరికంటే ముందున్నాడు.

సారు చెప్పింది ఇంతే. తాడు పట్టుకున్నాడని ఆయన అనలేదు. ఆ తాడును మోషే చేతికి ఊళ్లోవాళ్లు అందించారు. గొడవ పెద్దదై మరుసటేడు నుండి పందెమే నిలిచిపోయింది. సంఘంలో మోషేను పిలిచి, "తప్పయిందని ఒక్క మాట చెప్పు, బల్లలోకి రా" అన్నారు. మోషే తప్పయిందనీ అనలేదు, చేయలేదనీ అనలేదు. అప్పటినుండి ఆయనకు బల్ల లేదు, అంటే ప్రభువు రొట్టె లేదు. నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టె మీది తెల్లగుడ్డ తీసేముందు బాప్తిస్మం లేనివాళ్లూ, పిల్లలూ, వాళ్లతోపాటు మోషే లేచి బయటికి వచ్చేవాళ్లు. లోపల పాట అయిపోయేలోపు మోషే గోడకు ఆనించిన సైకిళ్లన్నిటికీ చక్రాలు నొక్కి గాలి చూసేవాడు. పదకొండేళ్లపాటు మా సంఘంలో ఒక్కరి సైకిలూ గుడి నుండి ఇంటికి పోయేటప్పుడు పంక్చరు పడలేదు.

నాకూ ఆయన మీద అనుమానమే. నా అనుమానానికి వేరే కారణం ఉందిలెండి. అంగట్లో ఇన్ని సైకిళ్లుంటే నాకు మాత్రం ఎప్పుడూ బ్రేకులు లేనిదే ఇచ్చేవాడు. అట్లాంటివాడు లారీ తాడు పట్టుకోడని ఎట్లా నమ్మేది.

క్రిస్మసు ఇంకా రాకముందే జట్కాకు మైకు కట్టి ఊరంతా చాటారు. నంద్యాల నూనె మిల్లు లక్ష్మయ్య శెట్టి పందేన్ని మళ్లీ పెడుతున్నాడట. గెలిచినవాళ్లకు గోడ గడియారం. వయసుతో నిమిత్తం లేదట.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక యేసురత్నం సారు చేతికర్ర ఊతంతో మెట్లు దిగుతూ అడిగాడు.

"ఏం మోషే, పేరిచ్చినావా?"

"ఇచ్చినా సారూ."

"నలభై దాటి ఎన్నాళ్లయింది నీకు?"

"దాటినంక లెక్క పెట్టలే."

సారు నవ్వలేదు. "అప్పుడు నీ కాళ్లల్లో అంత బలం ఉన్నింటే, సగమన్నా ఇప్పుడు మిగిలుండాల గదా. మిట్ట నీ కాళ్లతోనే ఎక్కి గెలువు. పాతమాట ఆడికే ఇడ్సిపెడదాం."

ఎగతాళికి అన్నాడో నిజానికి అన్నాడో తెలియదు గానీ, పక్కనున్న పెద్దలు తలలూపారు. మా సంఘంలో పెద్దలు తలలూపితే అది తీర్మానం కిందే లెక్క. సైకిల్ పందేన్ని తీసుకుపోయి దేవుడి తీర్పును చేసిన సంఘం మాదొక్కటే అయ్యుంటుంది.

"సాక్షి ఎవరు?" అన్నాడు మోషే. "సారుకు కండ్లకు పొర వచ్చింది గదా."

సారు చుట్టూ చూసి కర్రతో నన్ను చూపించాడు. "కృపావరాన్ని పెడదాం."

అందరూ గొల్లున నవ్వారు. ఒకాయన అన్నాడు, "ఏందీ సారూ, కృపావరం నోట్లో నుండి నిజమొచ్చి ఎన్నేండ్లయిందో ఆయప్పకే తెలీదు."

"అబద్ధాలు చెప్తాడు, నిజమే. బావ కోసం మాత్రం చెప్పడు. బ్రేకుల కాడ ఇద్దరికీ పడదు," అన్నాడు సారు.

పదిమందిలో అంతటి గౌరవం దక్కడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

ఇంట్లో ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి బయటపడింది. మా అమ్మ సంగతి ముందు చెప్పాలి. అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదన్నది పాత పద్ధతి. మేం కిరస్తానీలమయ్యాక తాయెత్తులు పోయాయి గానీ ఆ పద్ధతి పోలేదు. అందుకని మా అమ్మ మేకతో మాట్లాడేది, మోషే వినేవాడు.

"ఏమే మేకా," అంది, "ఈ వయసులో మొగోడు పందెం తొక్కేది యాడన్నా ఉందా? మోకాళ్లు పటపటమంటాంటే నాకు పక్కింటి దాకా వినపడుతాండాయి."

మోషే కూడా మేకకే చెప్పాడు. "అవి మోకాళ్లు కాదులేవే. మీ అవ్వ పండుకునే మంచం కోళ్లు."

లూదియా నవ్వలేదు. సంగటి ముద్ద మొగుడి తట్టలో పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఓడిపోతివనుకో. సూడు, అప్పుడు లారీ పట్టుకున్నాడు గాబట్టే గెల్సినాడంటారు. గెలిస్తివనుకో. మల్లా పట్టుకున్నాడంటారు. రెండు దిక్కులా గోడే ఉంది గదప్పా. యాడికని తొక్కుతావ్?"

"శిరివెళ్ల మిట్ట మీదికి."

"అది నేనడిగినదానికి జవాబా?"

"కాదు," అని మోషే ముద్ద విరిచాడు.

మరునాటి నుండి సాధన మొదలైంది. గుర్రాలకు పెట్టే ఉలవలు ఉడికించుకుని తాగడం, సైకిలుకు మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు అన్నీ ఊడదీయడం, తెల్లారుజామున మంచులో కంబళి కప్పుకుని బయల్దేరడం. అన్నీ సరే. కానీ పందెం ఉన్నది నంద్యాల దోవలో. ఆయన పోతున్నది రుద్రవరం దోవలో.

"నంద్యాల పందేనికి రుద్రవరం దోవ తొక్కేటోణ్ణి ఇప్పుడే సూస్తాండా," అంది మా అమ్మ మేకతో. "ఆడ ఏముందో కనుక్కోవే."

మా అమ్మకు మనసులో ఆడమనిషి. నాకు మనసులో లారీ. రుద్రవరం లారీల ఊరు. ముందే ఎవడితోనో మాట్లాడుకుని, మిట్ట దగ్గరికి రమ్మని చెప్పుకుంటున్నాడని నా లెక్క. లూదియా మాత్రం అంగీలు ఉతికేది. ఒకరోజు గొడ్ల పాకలోకి వచ్చి నా ముందు అరచెయ్యి తెరిచింది. అందులో ఒక బొరుగు గింజ.

"ఏందిది?"

"మీ బావ మీసంలో ఉన్నింది. అంగీ మీద పసుపు మరక. దగ్గరికి పోతే ఉల్లిగడ్డ వాసన. మనింట్లో బొరుగులు లేవన్నా."

గింజను నా చేతిలో వేసి పోయింది. మరునాడు తెల్లారుజామున మోషే వెనకాల నేనూ సైకిలెక్కాను.

బ్రేకుల్లేని సైకిలు మీద మనిషిని దొంగచాటుగా వెంబడించడం ఎట్లాంటిదో మీకు తెలియదు. వాడు ఆగితే మనం ఆగలేం. రెండుసార్లు మోషేను దాటిపోయేవాణ్ణే, చెప్పులు నేలకు రాసి ఆపుకున్నాను. రుద్రవరం చేరేసరికి ఒక చెప్పు సగమైంది.

ఊరి మొగదాల లారీలు ఆగేచోట ఒక గుడిసె. దాని ముందు బెంచీ. బెంచీ మీద మోషే కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. నానబెట్టిన బొరుగులకు పసుపు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు తగిలించి చేసే ఉగ్గాని. ఒక నడివయసు ఆడమనిషి బాండలి ముందు కూర్చుని బజ్జీలు తీస్తోంది. నేను పేర్చిన వెదుర్ల వెనకాల దాక్కుని, అక్కడ పళ్లు తోముకుంటున్న క్లీనరును అడిగాను.

"ఎవరప్పా ఆయమ్మ?"

"ఓబులమ్మ. డ్రైవరు పెండ్లాం. మొగుడు పోయినాక ఉగ్గాని అంగడి పెట్టుకునె."

ఆ డ్రైవరు పేరు కూడా క్లీనరు చెప్పగానే నాకు తెలిసిపోయింది. ఆ పొద్దు శిరివెళ్ల మిట్ట మీద పోయిన లారీ అతనిదే. అంటే మా అమ్మ అనుమానమూ, నా అనుమానమూ రెండూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉగ్గాని తింటున్నాయి.

మోషే తిని, చెయ్యి కడుక్కుని, సైకిలెక్కి పోయాడు. నేను పోయి అదే చోట కూర్చున్నాను.

"అమ్మా, ఇప్పుడు పోయినాయప్ప నీకేమైతాడు?"

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "నువ్వేమైతావ్ ఆయప్పకు?"

"బావను."

"అట్లయితే నువ్వే అడుగు. దినామూ వస్తాడు. వచ్చి ఒకటే మాట. మీ ఆయన ఆ పొద్దు సంగతి ఏమన్నా చెప్పినాడామ్మా, అని. లేదప్పా అంటా. ఉగ్గాని తింటాడు, పోతాడు."

"దినామూ అదే మాటనా?"

"అదే మాట. చెప్పి చెప్పి నాకే యాష్టకొచ్చింది. నిన్నటి పొద్దు నేనే అన్యా, నువ్వు పట్టుకోలేదని మా ఆయన నాతో చెప్పినాడని మీ పెద్దోళ్ల ముందరకొచ్చి చెప్తా, పోదాం పా అని. దానికేం పోయె, సచ్చిపోయినాయన వచ్చి కాదంటాడా."

"ఏమన్నాడు?"

"వద్దన్నాడు. చెప్పింటే చెప్పు, చెప్పకుంటే వద్దు అన్నాడు." ఆమె బాండలిలో బజ్జీ తిప్పింది. "మిరపకాయ్ ఎక్కువుండేది ఎయ్యాల్నా?"

ఆమె పెట్టిన ఉగ్గాని తిన్నాను. ఊరికే వచ్చిన అబద్ధాన్ని కాదన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. నేనైతే దాన్ని ఇంటికి తీసుకుపోయి మేపుకునేవాణ్ణి. నిజాయితీపరుడైనా అయ్యుండాలి, లేదా ఆ అబద్ధం ఎప్పటికైనా బయటపడుతుందన్న భయమైనా ఉండాలి. రెండిటికీ ముఖం ఒకే మాదిరి ఉంటుంది.

తిరిగొస్తుంటే దోవలో మోరీ గోడ మీద మోషే కూర్చుని ఉన్నాడు. నేను ఎప్పటిలాగే ఆగలేక దాటిపోయి, చెప్పుతో ఆపుకుని, సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చాను.

"ఆ సైకిలు చప్పుడు నా అంగట్లో పుట్టిందే గదా బావా," అన్నాడు. "ఊరు దాటకముందే తెలిసె. ఉగ్గాని తింటివా?"

"తింటి." నేనూ గోడ మీద కూర్చున్నాను. పక్కన వరికయ్యల్లో కోతకొచ్చిన కూలోళ్లు అప్పుడే కొడవళ్లు తీస్తున్నారు. "పట్టుకున్నావా, లేదా? నాకొక్కనికీ చెప్పు. నేనెవరికీ చెప్పను."

"నువ్వెవరికీ చెప్పకుండా దాచుకున్న మాట ఒగటి చెప్పు సూద్దాం."

ఎంత ఆలోచించినా ఒక్కటీ దొరకలేదు.

మోషే తనంతట తానే మొదలుపెట్టాడు. "ఆ పొద్దు మిట్ట కాడ కండ్లు తిరుగుతాండాయి నాకు. లారీ పక్కకొచ్చింది. గాలికి సైకిలు అటు లాక్కపోయినట్టాయె. తాడు భుజానికి తగిలె. అంతే. ఆ మీదట నాకు గుర్తుండేది మిట్ట దిగుతాండేది."

"నడమ?"

"నడమ లేదు." అరచెయ్యి చూసుకున్నాడు. "మొదట్లో పట్టుకోలేదనే తెలుసు బావా. పొద్దు లేస్తే ఒగడు, పట్టుకున్నావ్ గదా అంటాడు. ఎన్నేండ్లు ఇంటాం? ఇప్పుడు పండుకుంటే చేతిలో తాడు ఉన్నట్టే ఉంటాది. అది ఆ పొద్దుటిదో, ఈళ్లు పెట్టిందో నాకే తెలీదు. తప్పయిందని చెప్పాలన్నా తెలిసుండాల. చేయలేదని చెప్పాలన్నా తెలిసుండాల."

"మరి ఈ పందెం దేనికి?"

"ఇప్పుడు మిట్ట నా కాళ్లతో ఎక్కితే, అప్పుడు కూడా ఎక్కుంటాలే అనుకోవచ్చు. గెల్చేది కాకపోతే మానె."

నేను అరిగిన చెప్పు విప్పి దులుపుకున్నాను. "లూదియాకు ఏం చెప్పేది?" అన్నాను.

"ఉగ్గాని తింటాండాడని చెప్పు."

అదే చెప్పాను. ఎవరి దగ్గర, ఎందుకు అన్నదీ చెప్పాను. లూదియా మొత్తం విని, చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరింది.

"బాగుంటాదా?"

"ఏందీ?"

"ఆయమ్మ చేసే ఉగ్గాని."

"బాగుంటాది."

మరునాడు తెల్లారుజామున లూదియానే లేచి ఉగ్గాని చేసి మొగుడి ముందు పెట్టింది. మిరపకాయలు రెండింతలు వేసింది. మోషే కళ్లనీళ్లు కారుతుంటే చివరిదాకా తిని, కంబళి కప్పుకుని, మళ్లీ రుద్రవరం దోవే పట్టాడు.

పందెం రోజు నంద్యాల రైల్వే స్టేషను ముందు జెండా ఎగరేశాక సైకిళ్లను వరసలో నిలబెట్టారు. అందరూ మోషే కొడుకుల వయసువాళ్లు. వాళ్లలో శేషాద్రి అనే బ్యాంకు కుర్రవాడిది వంపు హ్యాండిలు ఉన్న కొత్త సైకిలు. తొడ కండలు చూస్తే ఇద్దరు మనుషులకు సరిపోయేటట్టున్నాయి. "పెద్దాయనా, జాగ్రత్తగా తొక్కు," అన్నాడు మోషేతో, మర్యాదగానే. లక్ష్మయ్య శెట్టి విజిలూదాడు.

ఇక సాక్షినైన నా సంగతి. ఎద్దుల బండి మీద పందెం వెనక పోలేను కదా. అందుకని సారు నన్ను ఆళ్లగడ్డ పోయే ఎర్రబస్సు టాపు మీద కూర్చోబెట్టే ఏర్పాటు చేశాడు. దోవలో దిగాల్సొస్తే పనికొస్తుందని నా సైకిలు కూడా టాపు మీదికెక్కించారు. కోళ్ల గంపలూ, నేనూ, సైకిలూ. బస్సు కదిలినప్పుడే నేనూ సైకిలుతో సహా కదిలానని మొదట్లో చెప్పిన గొప్ప ఇదే. మిగిలిన సగం కూడా వస్తుంది, తొందరపడకండి.

బస్సు ప్రతి ఊళ్లో ఆగేది. ఆగినప్పుడు సైకిళ్లు దాన్ని దాటిపోయేవి. కదిలాక బస్సు వాటిని దాటిపోయేది. దాటినప్పుడల్లా నేను మోషేను వెతికేవాణ్ణి. ఒకసారి వెనక, ఒకసారి మధ్యలో, ఒకసారి అసలు కనపడలేదు. కొందరు కుర్రవాళ్లు అప్పటికే దోవ పక్కన కూర్చుని కాళ్లు పిసుక్కుంటున్నారు.

శిరివెళ్ల మిట్ట దగ్గరికొచ్చేసరికి బస్సు సైకిళ్ల వెనకాలుంది. మిట్ట ఎక్కలేక మూలుగుతోంది. ముందు శేషాద్రి, అతని వెనక ముగ్గురు కుర్రవాళ్లు, వాళ్ల వెనక మోషే. తల హ్యాండిలు మీదికి వాలిపోయి ఉంది. అంగీ వీపుకు అంటుకుపోయింది. అప్పుడే హారను కొట్టుకుంటూ ఒక లారీ బస్సును దాటింది. ఖాళీ లారీ. రుద్రవరందే. వెనకాల తాళ్లు వేలాడుతున్నాయి. ఆ దోవలో అట్లాంటి లారీలు రోజూ వస్తాయి, పోతాయి. నేను టాపు కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాను.

లారీ మోషే కుడిపక్కకు వచ్చింది. ఒక తాడు కొస ఊగి ఆయన భుజానికి తగిలింది. మోషే కుడిచెయ్యి హ్యాండిలు మీదనుండి లేచింది. నా పక్క గంపలోని కోడి కూడా ఊపిరి బిగబట్టింది. ఆ చెయ్యి పైకి పోయి, నుదుటి మీది చెమట తుడుచుకుని, తిరిగొచ్చి హ్యాండిలు మీద కూర్చుంది. లారీ తన దోవన తాను పోయింది. మోషే సీటు మీదనుండి లేచి నిలబడి తొక్కాడు. మిట్ట చివర శేషాద్రిని దాటాడు.

ఆ తర్వాత శిరివెళ్లలో బస్సు ఆగి, కందుల మూటలెక్కించుకుని, డ్రైవరు టీ తాగి, మళ్లీ కదిలేసరికి సైకిళ్లు కంటికి అందలేదు. ఆళ్లగడ్డ బస్టాండు ముందు జనం దోవకు అడ్డంగా నిలబడి ఉన్నారు. బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే నేను వెనక నిచ్చెన మీదనుండి దూకాను. బస్సుకంటే ముందు నేలమీద కాలు పెట్టింది నేనే కదా. కాలొక్కటే కాదు, మోకాళ్లూ, ముఖమూ కూడా పెట్టాను.

దుమ్ము దులుపుకుంటూ, "ఎవరు?" అన్నాను.

"మోషే," అన్నాడు ఎవరో.

నేను జనంలోకి దూరేసరికి మోషే నేలమీద కూర్చుని కాళ్లు చాపుకుని ఉన్నాడు. లూదియా చెంబుతో నీళ్లు పోస్తోంది. లక్ష్మయ్య శెట్టి గడియారం పట్టుకుని నిలబడ్డాడు గానీ ఇవ్వడం లేదు. ఎవరూ కేకలు వెయ్యడం లేదు. వెనక ఒక గొంతు వినబడింది. "ఇప్పుడే రుద్రవరం లారీ పాయె గదా. సూసినారా?" చూశామన్నారు ఇద్దరు ముగ్గురు.

శేషాద్రి సైకిలు మీద వాలి రొప్పుతున్నాడు. అతన్ని అడిగారు. అతను ఇబ్బందిగా చెప్పాడు. "నేను అబద్ధం చెప్పను. మిట్ట కాడ నేనే ముందుండా. పక్కన లారీ పోయింది. తర్వాత చూస్తే పెద్దాయన ముందుండాడు. నాకు తెలిసింది అంతే."

లూదియా చేతిలో చెంబు ఆగింది. మోషే తలెత్తలేదు.

యేసురత్నం సారు జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. "కృపావరం యాడుండాడు? ఈడికి రా. నువ్వు సూసినావా?"

"సూసినా సారూ."

"నిజం చెప్తాండావా? ఒట్టు పెట్టొద్దు. మనకు ఒట్లు లేవు. అవునంటే అవును, కాదంటే కాదు. తాడు పట్టుకున్నాడా?"

"కాదు. చెయ్యి లేసింది సారూ. నేనూ పట్టుకుంటాడనే అనుకున్యా. లేసిన చెయ్యి పోయి నుదుటి మీద చెమట తుడుచుకునె. మల్లా హ్యాండిలు మీదికొచ్చె."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊరికే పట్టుకోలేదని చెప్పి ఉంటే ఎవరూ నమ్మి ఉండేవాళ్లు కాదు. చెమట దగ్గర నమ్మారు. "కావాలని చెప్పేటోడు చెయ్యి లేసిందని చెప్పడు గదా," అన్నాడొకడు. సారు చాలాసేపు తన పొర పట్టిన కళ్లతో నా వైపు చూసి, తల ఊపాడు. లక్ష్మయ్య శెట్టి గడియారం ఇచ్చాడు.

ఇంటికొచ్చాక మా అమ్మ మేకతో, "గడియారం ఏంటికే మనకు, ఉన్న పొద్దే పోతాలేదు," అంది. అయినా గోడకు కొట్టే మేకు తనే వెతికి తెచ్చింది.

సాయంత్రం మోషే అంగట్లో కూర్చుని ఒక ట్యూబుకు పంక్చరు వేస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"సూసినావా బావా?" అన్నాడు తలెత్తకుండా.

"సూసినా."

"ఆ దుమ్ములో?"

నేను గాలిపంపు పిడి సర్దాను. మోషే ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూశాడు. రాలేదు.

"నువ్వు సూసినా, సూడకపోయినా," అన్నాడు, "ఈసారి నాకు గుర్తుంది."

ఏం గుర్తుందని నేను అడగలేదు. అంగడి మూసేటప్పుడు ఆయన నాకు ఒక సైకిలు చూపించి, రేపటి నుండి అది తీసుకోమన్నాడు. దానికి ముందూ వెనకా రెండు బ్రేకులూ ఉన్నాయి. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం రొట్టె మీది తెల్లగుడ్డ తీసేముందు పిల్లలు లేచి బయటికి పోయారు. మోషే లేవలేదు. ఆడవాళ్ల వైపు లూదియా తలమీది కొంగు సర్దుకుని నేలకేసి చూస్తోంది. వరుస కదిలింది. మోషే పోయి మోకరించి కుడిచెయ్యి చాపాడు. ఆ పొద్దు రొట్టె పళ్లెం పట్టుకున్నది యేసురత్నం సారే. ఆయన రొట్టెముక్క వెంటనే పెట్టలేదు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా తెచ్చుకుని, వేళ్లు తెరిచి అరచెయ్యి చూశాడు. సైకిలు గ్రీజు తప్ప ఏమీ లేదు. గ్రీజు కింద ఏముందో సారుకు కనపడే కళ్లు కావు అవి. రొట్టె పెట్టాడు.

మోషే, లూదియా ఆ పొద్దు గుడి నుండి ఒక్కటిగా నడిచి ఇంటికి పోయారు. అంతకుముందు ఎన్నేళ్లనుండో ఆమె ముందు, ఆయన వెనక. సైకిలు నడిపించుకుంటూ పోతున్న మోషేను ఆమె ఏదో అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. వెనకున్న నాకు వినపడలేదు.

ఇంతవరకూ మీకు చెప్పినదంతా నిజమే. మేక నిజం. ఉగ్గాని నిజం. బస్సుకంటే ముందు నేలమీద ముఖం పెట్టింది కూడా నిజమే, కావాలంటే గడ్డం కింద మచ్చ చూపిస్తాను. తాడు తగిలిన దగ్గర నుండి మిట్ట చివరిదాకా ఉన్నదొక్కటే నేను కల్పించింది, ఆ చెమటతో సహా. మిట్ట మీద ఆ లారీ దాటేటప్పుడు దుమ్మూ పొగా కలిసి లేచి టాపు మీదున్న నాకు కళ్లు మూసుకుపోయాయి. తెరిచేసరికి మోషే ముందున్నాడు, లారీ ఇంకా ముందుంది. యేసురత్నం సారు అన్నేళ్ల కిందట చూసిందీ సరిగ్గా అంతే. నడమ ఏం జరిగిందో తెలిసినవాడు మోషే ఒక్కడే. ఆయన బల్ల దగ్గర నోరు తెరిచింది రొట్టెముక్క కోసం మాత్రమే.